ఒడ్డున చదివిన అధ్యాయం

మాస్టారి ఇల్లు పాత పట్నంలో, హార్బరు క్రేన్లు కనిపించే సందులో ఉండేది. డెబ్భైల చివర్లో నేను ఆ ఇంటికి మొదటిసారి వెళ్లేసరికి ఆయన చూపు దాదాపుగా పోయింది. కిటికీ పక్కన పడక్కుర్చీలో కూర్చుని, ఓడ కూత వినబడితే అది లోపలికి వస్తోందో బయటికి వెళ్తోందో చెప్పేవారు. సగం సార్లు తప్పే చెప్పేవారు. తప్పని అంటే నవ్వేవారు. "చరిత్రకారుణ్ణి కదటోయ్. అంతా అయిపోయాక అడిగితే సరిగ్గా చెప్తాను."

అప్పుడు నేను ఊళ్లో ఒక కాలేజీలో చరిత్ర లెక్చరర్ని. ఆయనకు సన్మానం చేయాలని కొందరు పెద్దలు సంఘంగా ఏర్పడ్డారు. ఆ సందర్భంగా ఆయన జీవిత చరిత్ర పుస్తకంగా రావాలనుకున్నారు. రాసే పని నాకు వచ్చింది. అడిగి మరీ తెచ్చుకున్నాను.

తెల్లవాళ్ల పాలనలో మాస్టారు కూడా కాలేజీలోనే చరిత్ర చెప్పారు. అప్పటి పాఠ్యపుస్తకాల్లో మా తీరం చరిత్ర ఓడలు రావడంతో మొదలయ్యేది. డచ్చివాళ్లు వచ్చారు, ఇంగ్లీషువాళ్లు వచ్చారు, ఫలానా దొర ఫలానా చోట దిగాడు. ఆయన క్లాసులో ఒకటే ప్రశ్న వేసేవారట. హార్బరు లేని రోజుల్లో ఓడ దూరంగా సముద్రంలోనే ఆగిపోయేది కదా, మరి అక్కణ్ణించి ఆ దొరని అలలు దాటించి ఒడ్డుకు తెచ్చిన పడవ ఎవరిది? దిగినవాడి పేరుంది, దింపినవాడి పేరేదీ? ఆ జవాబు వెతుక్కుంటూ సెలవులన్నీ భీమిలి వైపు జాలరి పల్లెల్లో గడిపారు. ముసలివాళ్ల దగ్గర కూర్చుని తాత ముత్తాతల పేర్లు, పడవల పేర్లు, ఏ తుపానుకు ఎవరు పోయారు, ఏ దొర కూలి ఎగ్గొట్టాడు, అన్నీ అడిగి రాసుకున్నారు. పేరు చెప్పలేని సాక్ష్యం సాక్ష్యమే కాదని ఆయన నియమం. రాజుల చరిత్రకి శాసనాలుంటాయి, వీళ్ల చరిత్రకి వీళ్ల పేర్లే శాసనాలు అనేవారు.

ఆ పట్టుదలతోనే పుస్తకం రాశారు. చివరి అధ్యాయం అప్పుడు జరుగుతున్న సంగతే. ఒక పల్లెవాళ్లు సర్కారు చట్టాన్ని లెక్కచేయకుండా సముద్రపు నీళ్లు కాచి ఉప్పు వండడం. ఎవరు నీళ్లు మోశారో, ఎవరు పొయ్యి పెట్టారో, ఎవరు ముందు నిలబడ్డారో, అందరి పేర్లూ వరసగా రాశారు. పుస్తకాన్ని నిషేధించారు, ప్రతులు పట్టుకుపోయి తగలబెట్టారు, ఆయన ఉద్యోగం పోయింది, కొన్నాళ్లు జైల్లో ఉన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక ప్రతి సభలోనూ ఈ కథ చెప్పి దండలు వేసేవారు. నేనూ చిన్నప్పుడు అలాంటి సభలోనే విన్నాను. ఆయన మీద నాకున్న భక్తి అక్కణ్ణించే మొదలైంది.

రోజూ సాయంత్రం ఆయన చెబుతుంటే నేను రాసుకునేవాణ్ణి. ఉప్పు అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి రెండు మూడు రోజులు ఏదో ఒక వంక చెప్పి దాటేశారు. ఒకరోజు తలుపు దగ్గరగా వేయమని, అంతవరకు ఏ సభలోనూ చెప్పనిది చెప్పారు.

పోలీసులు ఆ పల్లెకు వెళ్లినప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది ఆయన పుస్తకమే. ఎవర్ని పట్టుకోవాలో వాళ్లు ఎవర్నీ అడగక్కర్లేకపోయింది. పేర్లన్నీ అచ్చులోనే ఉన్నాయి. తీసుకుపోయినవాళ్లలో చాలామందిని కొట్టి వదిలేశారు. ముందు నిలబడినవాడని మాస్టారు ఎవరి గురించి రాశారో అతన్ని మాత్రం వదల్లేదు. ఉప్పు కేసు పెడితే ఊరు వీరుణ్ణి చేస్తుందని కాబోలు, పక్కింటివాడి వల దొంగిలించాడని కేసు కట్టారు. దానికో సాక్షినీ సంపాదించారు. శిక్ష పూర్తికాకుండానే అతను జైల్లో జ్వరం వచ్చి పోయాడు.

జాలరి పల్లెలో వల దొంగతనం అంటే ఏమిటో మాస్టారే వివరించారు. కోపంలో కొట్టుకున్నా, తాగి తిట్టుకున్నా మర్నాడు కలిసి వేటకి వెళ్తారు. వల దొంగని మాత్రం ఎవరూ పడవ ఎక్కించుకోరు. ఆ ఇంటి వల తమ వల పక్కన ఆరేయనివ్వరు. చనిపోయినతని కూతురు అప్పటికి పాలు తాగే పిల్ల. పెద్దయ్యాక ఆమెకు అత్తవారింట్లోనూ వల దొంగ కూతురనే పేరే మిగిలింది.

స్వాతంత్ర్యం వచ్చాక మాస్టారు మళ్లీ ఆ పల్లెకు వెళ్లారు. పోలీసుల చేతిలో ఉన్న పుస్తకం సంగతి తెలియదు కానీ, అడక్కుండా తమ పేర్లు అచ్చువేశారని విన్న అక్కడి పెద్ద ఒకాయన కోప్పడకుండా ఒక్క మాట అన్నాడట. మా గురించి ఏం రాసినా అచ్చుకి ముందు మాకు చదివి వినిపించు, మా పేర్లు మాకు తెలిసి వెళ్లాలి, అని. ఆ రోజు నుంచి మాస్టారు పడవల గురించి రాసినా, గాలుల గురించి రాసినా ముందు ఆ ఒడ్డుకు తీసుకెళ్లి చదివేవారు. వేటకి పోని రోజున అందరూ పడవల నీడలో కూర్చునేవారు. తప్పనిపిస్తే ఎవరైనా సరే "ఆగు" అనవచ్చు. అన్నచోట కొట్టేసి, వాళ్లు చెప్పినట్టు రాయాలి. పల్లెవాళ్లు దానికి ఒడ్డు చదువు అని పేరు పెట్టారు.

"అన్నీ చదివాను. అదొక్కటి రాయలేదు" అన్నారు మాస్టారు. "ఆ ఒడ్డునే కూర్చుని అతన్ని వల దొంగ అంటుంటే విన్నాను. కాదు అంటే, మరి ఎలా చిక్కాడని అడుగుతారు. నా పుస్తకం వల్ల అని చెప్పాలి. ఇప్పుడు చెప్తున్నాను, రాయి."

నేను రాశాను. ఆయన బతుకు గురించి నేను రాసిన వాటిల్లో అంత సూటి వాక్యాలు ఇంకెక్కడా లేవు.

రాతప్రతి పూర్తయ్యాక ఆయన్ని భీమిలి బస్సులో తీసుకెళ్లి ఆ పల్లెలో ఒడ్డు చదువు చేశాం. ఆ అధ్యాయమూ చదివాను. చనిపోయినతని కూతురు అందరి కంటే వెనక, చేపల బుట్ట బోర్లించుకుని దాని మీద కూర్చుంది. యాభైకి దగ్గరపడ్డ మనిషి. చదువు లేదు. నేను చదవడం ముగించాక ఎవరూ ఆగు అనలేదు. ఆమె ఒక్కతే లేచింది. ఉప్పు వండినవాళ్లలో తన తల్లి కూడా ఉందని, అది చేర్చమని అడిగింది. చేర్చాను. బయల్దేరేటప్పుడు మాస్టారి చేయి పట్టుకుంది.

"ఇయ్యాల ఇన్నారు, రేపు మర్సిపోతారు బావూ. పోలీసోళ్లు కాయితం మీద రాసినారు. నువ్వూ కాయితం మీదే రాయాల."

అచ్చులోనే వస్తుందని మాస్టారు మాటిచ్చారు. నన్ను చూపించి, "ఇతను చూసుకుంటాడు" అన్నారు.

ప్రెస్సు మెయిన్ రోడ్డు వెనక సందులో ఉండేది. పుస్తకం సగం అచ్చయ్యాక సన్మాన సంఘంలో ఒక పెద్దమనిషి రాతప్రతి చదివి, ఈ వయసులో ఆయన్ని దోషిగా నిలబెట్టడం మనకు మర్యాదా అని నెమ్మదిగా అడిగాడు. అంతే. తీసేయమని చెప్పలేదు, బలవంతమూ చేయలేదు, నా ఇష్టానికే వదిలేశాడు. ఆ అధ్యాయం తీసింది నేనే. గురువు మీద గౌరవంతో తీశానని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. అది నా మొదటి పుస్తకం. నేను పూజించిన మనిషి మచ్చ లేకుండా ఉంటే ఆయన శిష్యుడిగా నాకూ ఆ వెలుగు అంటుతుంది. పైగా సభకి వచ్చే పెద్దల్లో ఇద్దరు ముగ్గురి చేతుల్లో నా పై ఉద్యోగం ఉంది. వాళ్ల చేతుల్లోకి వెళ్లే పుస్తకంలో జైల్లో చచ్చిపోయిన జాలరి కంటే, మాస్టారింటికి ఎవరెవరు గొప్పవాళ్లు వచ్చారో చెప్పే అధ్యాయం ఉంటే నయమనిపించింది. దాన్ని కొత్తగా రాసి ఆ చోట పెట్టాను.

అప్పటికే ఉప్పు అధ్యాయానికి అక్షరాలు పేర్చి ఉన్నాయి. వద్దని చెప్పగానే కంపోజిటరు కట్టుతాడు విప్పి, పేర్చిన వరసల్ని విడగొట్టి, సీసపు అక్షరాల్ని ఒక్కొక్కటే వాటి గళ్లలోకి విసిరాడు. పక్కనే నిలబడి చూశాను. ఆ చనిపోయినతని పేరు కూడా అలాగే విడిపోయి ఉంటుంది. మాస్టారికి చెప్పలేదు. ఆయన చదవలేరు కదా అనుకున్నాను.

సభ బాగా జరిగింది. శాలువాలు, దండలు, ఫోటోలు. మాస్టారు మాత్రం స్టేజీ మీదే నా చెవి దగ్గర వంగి, ఒడ్డుకి ఎప్పుడు వెళ్దాం అని అడిగారు. జ్వరమని ఒకసారి, పరీక్షలని ఒకసారి తప్పించాను. చివరికి ఆయనే పక్కింటి కుర్రాణ్ణి పట్టుకుని బస్సుస్టాండుకు వచ్చేసి నాకు కబురు పంపారు.

పల్లెలో మామూలుగానే అందరూ కూర్చున్నారు. ఈసారి కూతురు ముందే కూర్చుంది. ఉతికిన చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చింది. నేను కొన్ని అధ్యాయాలు చదివాను. ఉప్పు సంగతి చదవమని మాస్టారే అన్నారు. పుస్తకం తెరిచాను. గొప్పవాళ్లు వచ్చి వెళ్లిన అధ్యాయం నా కళ్ల ముందు ఉంది. నోటితో మాత్రం ఉప్పు అధ్యాయం చదివాను. నా చేత్తో రాసింది, అదే ఒడ్డున ఒకసారి చదివింది. తడుముకోకుండా వచ్చింది. ఆమె తల్లి పేరుతో సహా చెప్పాను. ఎవరికీ అనుమానం రాలేదు. అప్పటికి ఆ పల్లెలో అక్షరాలు కూడబలుక్కునేవాళ్లు కూడా తక్కువ.

ముగించగానే ఆమె దగ్గరికి వచ్చి కూర్చుంది.

"మా అయ్య పేరు ఎక్కడున్నాది బావూ? నా ఏలు ఎట్టు."

అప్పుడైనా చెప్పి ఉండవలసింది. ఆమె చూపుడువేలు పట్టుకుని ఒక వరస మీద పెట్టాను. చేపల పొలుసు ఎండి గోరుకి అంటుకుని ఉంది. ఆమె ఆ వేలు అక్కణ్ణించి తీయకుండా చాలాసేపు ఉంచింది. తర్వాత ఒక పిల్లని ఇంటికి పంపి పసుపు తెప్పించి, ఆ వరస మీద బొట్టు పెట్టింది. ఆ పుస్తకం ఆమెకే ఇచ్చేయమన్నారు మాస్టారు. ముసలివాళ్లు ఇద్దరు వచ్చి ఆమె తల మీద చేయి వేశారు. ఒకాయన తమ ఇంటి వల పక్కన ఆమె ఇంటి వల ఆరేసుకోమన్నాడు. ఆ మాటకి ఆమె ఏడ్చింది. నేను సముద్రం వైపు చూశాను.

తిరుగు బస్సులో మాస్టారు కిటికీ వైపు కూర్చున్నారు. బస్సు రుషికొండ దాటింది.

"ఆ అధ్యాయం చదువుతున్నంతసేపూ నువ్వు పేజీ తిప్పలేదోయ్" అన్నారు.

పెద్ద పేజీలు మాస్టారూ, అన్నాను.

ఆయన తల ఊపారు. ఇంటి దగ్గర దింపినప్పుడు రోజూ అన్నట్టే జాగ్రత్తగా వెళ్లమన్నారు. ఆ తర్వాత నన్ను రమ్మని ఎప్పుడూ కబురు చేయలేదు. నేనూ వెళ్లలేదు. ఆ చలికాలంలోనే ఆయన పోయారు. పత్రికకి వ్యాసం నేనే రాశాను. నిజాయితీ గురించి అందులో ఒక పేరా అంతా రాశానని తలచుకుంటే ఇప్పుడు కూడా సిగ్గేస్తుంది. పై ఉద్యోగం కూడా వచ్చింది.

ఎనభైల మధ్యలో, స్టీలు ప్లాంటు పనులు జోరుగా సాగుతున్న రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున్న ఇరవై ఏళ్లు దాటిన మనిషి ఒకడు మా ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె కొడుకునని చెప్పాడు. ఐటీఐ చదువుకుని ప్లాంటులో ఫిట్టరుగా చేరాడట. తల్లిని కూడా తీసుకొచ్చి కూర్మన్నపాలెంలో కాపురం పెట్టాడు. కూర్చోమంటే కూర్చోలేదు. చంకలో గుడ్డ చుట్టిన పుస్తకం ఉంది.

"ఇల్లు మారుతుంటే ఇది నా సేతికిచ్చింది సార్. దేవుడి పటం కాడుండేది, ఎవుర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. పసుపున్న కాడ సదివాను. ఎవరో మంత్రిగారు మాస్టారింట్లో కాఫీ తాగి మెచ్చుకున్నారట." పుస్తకాన్ని రెండో చంకలోకి మార్చుకున్నాడు. "మా తాత కాఫీ తాగేవోడని నాకు తెల్దు సార్."

మా ఆవిడ లోపలినుంచి ఎవరండీ అని అడిగింది. నేను గుమ్మం బయటికి వచ్చాను. అతన్ని అడిగాను, అమ్మకి చెప్పావా అని.

"సెప్పనేదు. రోజూ నాను డ్యూటీకి ఎల్లేటప్పుడు దండం ఎడతాది దానికి. నానెలాగ సెప్తాను? మీరెట్టించినారు ఆ ఏలు. మీరే వొచ్చి తియ్యండి."

మాస్టారు చెబుతుంటే రాసుకున్న కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. పారేయాలని చాలాసార్లు అనుకున్నాను కానీ చేయి రాలేదు. దానికి నేను మెచ్చుకోలు అడగను. వాటిని తీసుకుని ఆ వారంలోనే కూర్మన్నపాలెం వెళ్లాను. దారి పొడుగునా నా బదులు ఆ కుర్రాడే చెప్పేసి ఉంటే బాగుండునని కోరుకుంటూనే ఉన్నాను.

ఆమె వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది. నన్ను పోల్చుకుని కొడుకుని కుర్చీ వేయమంది. నేను నేల మీద కూర్చున్నాను. ముందు సంగతి చెప్పాను. చిన్న మాటల్లో, వంకలు లేకుండా చెప్పాలని దారిలో అనుకున్నాను కానీ, సన్మాన సంఘం, పెద్దమనిషి, మర్యాద అంటూ కొంత చుట్టూ తిరిగాను. ఆమె చేపలు కోస్తూనే ఉంది. తర్వాత కాగితాలు తీసి ఆ అధ్యాయం మొదటినుంచి చదివాను. ఇది విడిగా పుస్తకంగా వేస్తానని చెప్పాను.

"ఆగు" అంది ఆమె.

కత్తిపీట పక్కకి తోసి చేతులు కడుక్కుంది. కొడుకు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఇది మాస్టారి తప్పు. మాస్టారు సెప్పీసినాడు, ఒడ్డు మీద సెప్పినాడు, అయిపోనాది. మరి నీదో? నా ఏలు ఒట్టుకుని కాఫీ మీద ఎట్టినావు. అదెవులు రాత్తారు?"

నేనే రాస్తానన్నాను.

"ఇందులో కలపకు. మా అయ్య పక్కన నీ గొడవెందుకు? నీది ఇడిగా రాసుకో. అందులో మా అయ్య పేరొద్దు, నా పేరొద్దు." కత్తిపీట మళ్లీ దగ్గరికి లాక్కుంది. "ఏటి బావూ, సదూకున్నోడివి. నానడిగింది ఒక్క పేరే కదా."

కాగితాలు సర్దుకున్నాను. లేచి వచ్చేటప్పుడు ఆమె నాకు మంచినీళ్లు ఇప్పించింది. ఆ పాత పుస్తకం గురించి అడగబోయాను. ఆమె కొడుక్కి సైగ చేస్తే అతనే లోపలికి వెళ్లి తెచ్చి నా చేతిలో పెట్టాడు. పసుపు బొట్టు పాతబడి ముదురు రంగుకి తిరిగింది. చాలా కాలం వేళ్లు తగలడం వల్ల ఆ వరసలో సగం అక్షరాలు చెరిగిపోయాయి.

చిన్న పుస్తకం వేయించాను. అదే ప్రెస్సు. పాత కంపోజిటరు రిటైరైపోయాడు. మాస్టారి పేరు, ఆమె తండ్రి పేరు, తల్లి పేరు, ఉప్పు వండిన అందరి పేర్లూ వచ్చాయి. ముందు మాటలో ఇది ఎందుకు ఆలస్యమైందో ఒక్క వాక్యం రాసి, ఆమె చెప్పిన మాట గుర్తొచ్చి కొట్టేశాను. వేటకి పోని రోజు చూసి కొడుకు ఆమెను కూర్మన్నపాలెం నుంచి తీసుకొచ్చాడు. ముగ్గురం భీమిలి బస్సెక్కి పల్లెకు వెళ్లాం. వెనకటిసారి ఆమె తల మీద చేయి వేసిన ముసలివాళ్లలో ఒకాయన మిగిలి ఉన్నాడు. మళ్లీ ఎందుకు చదువుతున్నారని ఆయన అడిగితే, అప్పుడు సరిగ్గా చదవలేదని నేనే చెప్పాను. అబద్ధం చదివానని చెప్పి ఉండాలి. ఆ మాట ఇప్పుడు ఇక్కడ చెబుతున్నాను.

చదివాను. పేజీ తిప్పాల్సిన చోటల్లా తిప్పాను. గాలికి కాగితాలు ఎగిరిపోతుంటే కొడుకు ఒక మూల పట్టుకున్నాడు. మధ్యలో ఎవరూ ఆగు అనలేదు.

అయ్యాక ఆమె వెనకటిలాగే వచ్చి పక్కన కూర్చుంది. వేలు చాపింది. అలవాటుగా నా చేయి ముందుకు వెళ్లింది. ఆమె వేలు వెనక్కి తీసుకుని కొడుకు వైపు తిరిగింది.

"ఒరే, నువ్వు సూసి ఎట్టు."

కొడుకు వంగి, పేజీ అంతా పైనుంచి కిందికి లోలోపల చదువుకున్నాడు. ఆ పేరు పైకి చదివాడు. అప్పుడు తల్లి వేలు పట్టుకుని దాని మీద పెట్టాడు. నేను పుస్తకం కదలకుండా పట్టుకున్నాను.